చచ్చినట్టు ఇరవై నిమిషాలు

కదలకండి అన్నానా! దురద పుట్టినా, నవ్వొచ్చినా, ఎవరైనా తలుపు కొట్టినా కదలకూడదని కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఇప్పుడా పై పెదవి కాస్త వంకర పోయిందంటే, పార్కులో మీ బొమ్మ ఎండకీ వానకీ ఆ వంకర మూతితోనే ఉండాలి. జనం తిట్టేది నన్ను. మీకేం?

ఆఁ, అలా. అలాగే ఉండండి.

కళ్ళ మీద అయిపోయింది, బుగ్గలు అయిపోయాయి, నోటి మీద ఇదిగో ఇదే ఆఖరి పూత. ముక్కులో గొట్టాలు రెండూ సరిగ్గానే ఉన్నాయా? ఊపిరాడుతోందా? బొటనవేలు ఎత్తండి. శభాష్. గుర్తుందిగా, బొటనవేలు ఎత్తితే బాగున్నట్టు, అరచెయ్యి ఎత్తితే తీసెయ్యమన్నట్టు. ఇంకాసేపట్లో ప్లాస్టర్ వెచ్చబడుతుంది. కంగారు పడకండి, గట్టిపడేటప్పుడు వెచ్చబడటం దాని గుణం. ముఖం అచ్చు రావడానికి మొత్తం ఇరవై నిమిషాలు.

ఇరవై నిమిషాలు మీరు నోరు మూసుకుని ఉండటం ఇదే మొదటిసారి కదండీ అనౌన్సర్ గారూ? నలభై ఏళ్ళు రేడియోలో మీ గొంతు విని లేచింది ఈ ఊరు. రిటైరయ్యాక సభలన్నిటికీ మీరే. పెళ్ళికీ మీరే, సంతాపానికీ మీరే. ఇప్పుడు డెబ్బై నిండాయని మీకో బొమ్మ. అదీ ఎక్కడ? డాక్టరమ్మ బొమ్మకి సరిగ్గా ఎదురుగా. భలే!

సరే, ఇప్పుడు నేను మాట్లాడతాను. మీరు వినండి. చచ్చినట్టు వినండి.

ఊరికే అనలేదు లెండి ఆ మాట. చచ్చినవాళ్ళ అవస్థ ఏంటో, డాక్టరమ్మ చనిపోయాక ఈ పదకొండు నెలల్లో నాకు తెలిసొచ్చింది. నొప్పి లేదు, ఆకలి లేదు, అదంతా నిజమే. కానీ మనం వాళ్ళ గురించి నోటికొచ్చింది వాగుతుంటే వాళ్ళు లేచి 'కాదు' అనలేరు చూడండీ, అదొక్కటే అన్యాయం. ఆ అన్యాయం డాక్టరమ్మకి మీరు చేశారు. అందుకని మిమ్మల్ని ఓ ఇరవై నిమిషాలు ఆమె స్థానంలో కూర్చోబెట్టాను.

అయ్యో, చెయ్యి ముక్కు దగ్గరికి వస్తోందేం? గొట్టాలకి అడ్డం పెడతాననుకున్నారా? ఛ! నేనంతటివాణ్ణి కాదండీ. ఆమె మాట విని పెరిగినవాణ్ణి. మనిషికి ఉన్నది ఒక్కటే బతుకు, ఇంకోటి దొరకదు అని నమ్మేవాడు ఎదుటివాడి ఊపిరి మీద చెయ్యి వెయ్యడు. మీరు నిశ్చింతగా ఉండండి. నా కోపం వేరే దారిలో తీర్చుకుంటాను.

ఓ తొమ్మిదేళ్ళ కుర్రాడి ఉత్తరం చదివారు మీరు రేడియోలో. గుర్తుందా? ఆదివారం పొద్దున 'డాక్టరమ్మని అడగండి'. మీరు ఉత్తరం చదవడం, ఆమె జవాబు చెప్పడం. పళ్ళ నొప్పులు, పిల్లల విరేచనాలు, పాము కరిస్తే ఏం చెయ్యాలి. ఆ మధ్యలో నా ఉత్తరం.

అవునండీ, నాదే. ఇన్నేళ్ళూ చెప్పలేదు.

మా నాన్న షాపుల బోర్డులు రాసేవాడు. నిచ్చెన మీద నుంచి పడి చచ్చిపోయాడు. ఇంటికొచ్చినవాళ్ళందరూ నాన్న పైకి వెళ్ళాడురా, పైనుంచి నిన్నే చూస్తున్నాడు, నువ్వు ఏడిస్తే బాధపడతాడు, ఏడవకు అన్నారు. సరేనని ఏడవలేదు నేను. పదిహేను రోజులు బిగబట్టుకున్నాను. తర్వాత ఒక అనుమానం వచ్చి, నోట్సులో కాగితం చింపి రాశాను. 'డాక్టరమ్మ గారికి. కింద పడి చచ్చిపోయిన మా నాన్న పైకి ఎలా వెళ్ళాడు?'

మీరు ఫక్కున నవ్వారు. రేడియోలో వినపడింది.

ఆమె నవ్వలేదు. 'నాయనా, మీ నాన్న పైకీ వెళ్ళలేదు, కిందకీ వెళ్ళలేదు. మన మాటల్లోనే ఒక చిక్కుంది. పోయాడు అంటాం. కరెంటు పోయింది అని కూడా అంటాం కదా, ఎక్కడికి పోయిందని ఎప్పుడైనా వెతికావా? చనిపోయాడు అంటే అయిపోయాడు అని. ఇప్పుడు ఆయన నిన్ను చూడటం లేదు. అందుకని నీకు ఏడుపొస్తే హాయిగా ఏడువు, ఎవరూ ఏమీ అనుకోరు' అంది.

అబ్బా! రేడియో ముందే కూలబడి ఏడ్చానండీ. పదిహేను రోజుల ఏడుపు. మా అమ్మ ముందు చెంప మీద ఒకటి ఇచ్చింది, ఇంటి సంగతి రేడియోకి ఎక్కించావని. ఆ తర్వాత తనూ నా పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ మరుసటి ఆదివారం నుంచి పొద్దున్నే రేడియో పెట్టేది మా అమ్మే.

కానీ మీరు ఊరుకోలేదు. పాట వెయ్యబోతూ, తేనె పూసిన గొంతుతో, 'బాబూ, మీ నాన్నగారు స్వర్గంలో సుఖంగా ఉన్నారు' అన్నారు. వెంటనే ఆమె, మైకు ఇంకా కట్టెయ్యలేదు, 'ఆ అడ్రసు మీకెవరిచ్చారండీ?' అంది.

ఊరు ఊరంతా నవ్వింది. ఆ సోమవారం నుంచి మీ పేరు అడ్రసు అయిపోయింది. బస్సులో అడ్రసు, కూరగాయల కొట్లో అడ్రసు, మీ పిల్లలు చదివే బళ్ళో అడ్రసు గారి పిల్లలు. పైకి నవ్వుతూ తిరిగేవారు కానీ ఎంత మండిందో నాకు తెలుసు. నాకెలా తెలుసంటే, కోపం దాచుకోవడంలో నేనూ తక్కువవాణ్ణి కాదు.

ముప్పై ఆరేళ్ళు దాచుకున్నారు సార్. అబ్బ, ఏం ఓపిక!

వెచ్చగా ఉందా? ఉంటుంది. సగం కూడా కాలేదు.

ఆమె పోయిన రోజు... చూశారా, నా నోటికీ అదే వస్తోంది. ఆమె చనిపోయిన రోజు పొద్దున మీరే నాకు ఫోన్ చేశారు. బొమ్మకి ముఖం అచ్చు కావాలి, చేతుల అచ్చు కావాలి, ఆలస్యం అయితే ముఖం మారిపోతుంది, త్వరగా రా అన్నారు. బకెట్టూ ప్లాస్టర్ సంచీ పట్టుకుని పరిగెత్తాను. అంతకుముందు ఆమెని నేను ఒక్కసారి కూడా చూడలేదు తెలుసా? ఒకే ఊళ్ళో ఉండి! ఎన్నోసార్లు అనుకున్నాను వెళ్ళి, ఆ ఉత్తరం నాదేనమ్మా అని చెప్దామని. ఇప్పుడెందుకులే, ఆవిడకి ఎన్ని పనులో అని వాయిదా వేశాను. నమ్మేవాళ్ళకైతే ఫరవాలేదు, ఇక్కడ కాకపోతే అక్కడ చెప్పుకుంటారు. నాకు ఆ సౌకర్యం లేదని తెలిసి కూడా వాయిదా వేశాను చూడండి, అదీ నా తెలివి.

ముఖం అచ్చు తీశాను. ఏమీ కదలదు కదా, ఎంతో సులువు. అంత సులువైన పని నా జన్మలో చెయ్యలేదు, అంత కష్టమైందీ చెయ్యలేదు.

నాలుగో రోజు సంతాప సభ. హాలు కిటకిటలాడింది. వచ్చిన ప్రతివాడూ ఆమె ఆత్మకి శాంతి కలగాలి అన్నాడు. ఆత్మ లేదని జీవితమంతా గొంతు చించుకుని చెప్పిన మనిషికి! నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. లేచాను. ఏం చెప్పాలో తోచక, 'నమస్కారం' అని కూర్చున్నాను. మాలాంటివాళ్ళకి అలాంటి చోట మాట దొరకదండీ. మిగతావాళ్ళకి తాతముత్తాతల నుంచి వచ్చిన మాటలున్నాయి, తీసి వాడేసుకుంటారు. మేం కొత్తగా కుట్టుకోవాలి. నాకు కుట్టడం చేతకాలేదు.

అప్పుడు మీరు లేచారు.

ఆ రుమాలు తియ్యడం, ఆ కళ్ళు ఒత్తుకోవడం! 'చివరి క్షణంలో నేను పక్కనే ఉన్నాను. ఆమె రెండు చేతులూ ఎత్తి, జోడించి, దేవుడా నీ దగ్గరికే వస్తున్నాను అన్నారు. నా కళ్ళారా చూశాను. ముప్పై ఆరేళ్ళ కిందట నన్ను అడ్రసు అడిగిన తల్లికి చివరికి అడ్రసు దొరికింది!'

హాలంతా ఏడ్చింది. చప్పట్లు కూడా కొట్టారు. సంతాప సభలో చప్పట్లు! మర్నాడు పేపర్లో పెద్దక్షరాలతో అదే వచ్చింది. 'అడ్రసు దొరికింది.' ఆ తర్వాత మీరు ఆ ఒక్క మాట పట్టుకుని ఎన్ని ఊళ్ళు తిరిగారు, ఎన్ని దండలు వేయించుకున్నారు! మా వీధిలో టైలరు, ఆమె మాటలు విని కొడుక్కి తాయెత్తు విప్పేసినవాడు, మళ్ళీ కట్టాడు. అడిగితే ఆవిడే చివరికి ఒప్పుకుందటగా అన్నాడు. నలభై ఏళ్ళు ఒక మనిషి ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క భయం తీసింది. మీరు పది నిమిషాల్లో మొత్తం తిరిగి పెట్టేశారు.

సరే. ఇప్పుడొక ప్రశ్న. అబద్ధం చెప్పాలంటే నోరుండాలి కదా, వేలితో ఎలా చెప్తారో చూద్దాం. ఆమె చేతులు జోడించడం మీరు కళ్ళారా చూశారా? చూస్తే బొటనవేలు ఎత్తండి.

...ఎత్తారే! శభాష్. పాత అలవాటు, ఎక్కడికి పోతుంది?

అయితే వినండి. ఆమె ఆస్పత్రిలో చేరిందే స్నానాల గదిలో జారిపడి. ఎడమ మణికట్టు విరిగింది. మోచేతి నుంచి వేళ్ళ కణుపుల దాకా పిండికట్టు. ఇంతలావు. దాని కింద దిండు పెట్టి మంచం కమ్మీకి కట్టారు. ఆ చేత్తో ఆవిడ ఈగని కూడా తోలుకోలేకపోయేది. అలాంటి చేతిని ఎత్తి, తిప్పి, జోడించిందా? ఎవరి చేత్తో జోడించింది సార్?

ఇంకా ఉంది. నేను అచ్చు తీస్తుంటే నర్సమ్మ పక్కనే నిలబడి నీళ్ళు పోసింది. ఏమైనా అన్నారామ్మా చివర్లో అని అడిగాను. 'ఫ్యాన్ ఇంకో నంబరు పెంచమ్మా అన్నారు. పెంచి తిరిగి చూసేసరికి అయిపోయింది' అంది. మరి పక్కన ఎవరూ లేరా? 'ఒక పెద్దాయన ఉన్నాడు, అంతకు కాసేపటి ముందే టీ తాగొస్తానని కింద క్యాంటీన్‌కి వెళ్ళాడు.'

ఏం టీ సార్ అది? బాగుందా?

ఫ్యాన్ ఇంకో నంబరు పెంచమ్మా. ఎంత బాగుంది ఆ మాట! ఉక్కపోసింది, చెప్పింది. ఆవిడ బతుకంతా అంతే, ఉన్నది ఉన్నట్టు. ఆ మాట నేనెక్కడా చెప్పుకోలేకపోయాను, మీ దేవుడి మాట మాత్రం ఊరూరా తిరిగింది.

చూశారా, బొటనవేలు దానంతటదే వాలిపోయింది. చాలు. నాకు కావలసింది అదే. ఎవరూ చూడకపోయినా ఫరవాలేదు, నేను చూశాను.

...ఏంటది? చూపుడు వేలు ఎందుకు ఎత్తుతున్నారు? అది మన ఒప్పందంలో లేదుగా. ఎవరికి చూపిస్తున్నారు? నాకేనా?

ఓహో.

అడగండి, అడగండి. మీరు అడ్రసు గారే కానీ తెలివితక్కువవారు కాదు. 'ఒరేయ్ బొమ్మలవాడా, పిండికట్టు నువ్వు ఆ రోజే చూశావు కదా, నర్సు మాటా విన్నావు కదా. మరి పార్కులో ఆవిడ బొమ్మకి జోడించిన చేతులు పెట్టింది ఎవడ్రా?' అనేగా?

నేనే.

మీరు బొమ్మ పెట్టించే కమిటీకి పెద్దగా ఇదే గదిలోకి వచ్చి, ఇదే కుర్చీలో కూర్చుని, 'బొమ్మ చేతులు జోడించి ఉండాలి' అన్నారు. సరే సార్ అన్నాను. నోట్లో నాలుక లేదా నాకు? ఉంది. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది, ఎందుకు ఒప్పుకున్నావని. పని పోతుందని భయపడ్డాను అంటాను. తనకి అలా చెప్పాను. నాకు నేను కూడా అలాగే చెప్పుకున్నాను.

అది అబద్ధమండీ. మీరు ఎలాగూ నోరు తెరవలేరు కాబట్టి మీకు చెప్తాను.

ఆ రోజు కుడి చేతి అచ్చు తీశాక, నర్సమ్మ నీళ్ళు తేవడానికి వెళ్ళింది. ఆమె చేతికి అంటుకున్న ప్లాస్టర్ తుడుస్తున్నాను. చల్లగా ఉంది చెయ్యి. చిన్న చెయ్యి, చూపుడు వేలి పక్కన పెన్ను పట్టిన గట్టిదనం. ఆ చేత్తోనే కదా నా ఉత్తరం పట్టుకుని ఉంటుంది అనిపించింది. అనిపించి, నా ఎడమ అరచెయ్యి తీసుకెళ్ళి ఆమె అరచేతికి ఆనించాను. కొలత కోసం కాదు. ఎందుకో నాకూ తెలీదు. అలా ఎంతసేపు ఉన్నానో కూడా తెలీదు. ఆ ఉత్తరం నాదేనమ్మా అని పైకే అన్నాను. ఎవరికి చెప్పాను? వినేవాళ్ళు లేరని నాకు తెలుసు, ఆమే చెప్పింది నాకు. అయినా చెప్పాను.

అందుకని మీరు 'జోడించి ఉండాలి' అన్నప్పుడు నాకు కోపం రాలేదు సార్. సంతోషమేసింది. ఆమె ఎడమ చెయ్యి అచ్చు నా దగ్గర లేదు, పిండికట్టులో ఉండిపోయింది కదా. నా ఎడమ చేతికే అచ్చు తీసుకున్నాను. నా వేళ్ళు కాస్త పొడుగు, అరగదీశాను. రెండూ కలిపి ఒకే ముక్కగా పోత పోశాను. రోజూ పొద్దున్నే నడకకి వచ్చినవాళ్ళు తలొంచి పోతారే, ఆ నమస్కారంలో ఒక చెయ్యే ఆమెది. రెండోది నాది.

మీరు నోటితో అన్న అబద్ధాన్ని నేను సిమెంటులో పోశాను. మీది ఇంకో పాతికేళ్ళకి జనం మర్చిపోతారు. నాది పిడుగు పడ్డా చెదరదు, నా పనితనం అలాంటిది మరి.

పోయిన వారం రంపం పట్టుకెళ్ళాను పార్కుకి. నా చెయ్యి కోసేద్దామని. పళ్ళు ఆనించి చూశాను. సందు లేదు. నాది కోస్తే ఆమె వేళ్ళు విరుగుతాయి. ఇంత కష్టపడి తీసిన అచ్చు, ఆమెదని ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్కటే. కొయ్యలేక తిరిగొచ్చి, ఆ కోపమంతా మీ మీద పెట్టుకుని, మీకు ఫోన్ చేశాను. రండి సార్, మీ ముఖం అచ్చు తీసుకుందాం అని.

అదిగో, అరచెయ్యి ఎత్తారు. తీసెయ్యాలా? ఇప్పుడు లాగితే కనుబొమలు కూడా వచ్చేస్తాయండీ. వేసలీన్ రాశాను కానీ అంత ఎక్కువ రాయలేదు, ఒప్పుకుంటాను. ఇంకో నాలుగు నిమిషాలు. ఓర్చుకోండి. ఆవిడకి నాలుగు నిమిషాలు కాదు, ఇక ఎప్పటికీ ఇంతే.

ఏంటి... ఏం చేస్తున్నారు? రెండో చెయ్యి కూడా ఎత్తుతున్నారేం?

దణ్ణం పెడుతున్నారా?

నాకా!

అయ్యయ్యో. అంత భయపెట్టానా? ఛ, పెద్దవారు. ఉండండి, ఉండండి. దించకండి. ఆ చేతులు దించకండి. అలాగే గుండెకి కాస్త ఎత్తులో... ఆఁ! వేళ్ళు కొద్దిగా వణకాలి, బతిమాలేవాడి వేళ్ళు అలాగే ఉంటాయి. ఎంత బాగా కుదిరింది సార్! నేను ఎంత చెప్పి కూర్చోబెట్టినా ఇలా కుదరదు.

బకెట్లో ఇంకా ప్లాస్టర్ మిగిలింది. ముంజేతులదాకా వస్తుంది.

కదలకండి. చల్లగా తగులుతుంది, తర్వాత వెచ్చబడుతుంది, మీకు తెలిసిందేగా. కమిటీ కాగితంలో ముఖం వరకే అని ఉందని నాకూ తెలుసు. చేతులు నా తరఫున. అక్కడ ఎదురుగా నిలబెడతాను మిమ్మల్ని, ఆమె ముఖంలోకి చూస్తూ, చేతులు జోడించి, క్షమించమ్మా అన్నట్టు. చూసినవాళ్ళు ఎంత భక్తో అనుకుంటారు. అనుకోనివ్వండి. మనిద్దరికీ తెలుసు.

అటు మీ చేతులు రెండు, ఇటు నాది ఒకటి. ఇద్దరం నిలబడి ఆవిడకి దణ్ణం పెడుతూనే ఉందాం. ఆవిడ చూస్తే ఇద్దర్నీ కలిపి ఒకే మాటతో కడిగేసేది. చూడదు కదా. ఎప్పటికీ చూడదు. నాకు ఏడుపొస్తోంది, ఇక ఎవరేమనుకుంటారు, మీకు కళ్ళు కనపడవు, ఆవిడ లేదు. మీరు మాత్రం ఆ బొటనవేలు కదపకండి.